అమ్మిన సరుకుపై అమెరికా కన్ను
శ్రీహరికోట నుంచి విశాఖ దాకా తనిఖీల కథ

శ్రీహరికోట: సూళ్లూరుపేట నుంచి పులికాట్ సరస్సు మధ్యగా సాగే రోడ్డు దీవి గేటు దగ్గర ఆగిపోతుంది. అక్కడినుంచి లోపలికి పోవాలంటే పాసు ఉండాలి. ఒకప్పుడు ఈ దీవి అడవుల్లో తేనె పట్టుకుని, చేపలు పట్టుకుని బతికిన యానాదుల సంతతివారికైనా ఇదే నియమం. ఇది ఈ ప్రాంత ప్రజలకు కొత్త విషయం కాదు. అయితే ఆ గేటు లోపల ఉన్న అంతరిక్ష కేంద్రం కూడా చాలా ఏళ్లపాటు ఇంకొకరి పాసు కోసం ఎదురు చూడవలసి వచ్చిందన్న సంగతి ఎక్కువమందికి తెలియదు. ఆ పాసు పేరు ఎగుమతి లైసెన్సు. దానిని ఇచ్చేది వాషింగ్టన్.

2022లో జిల్లాల పునర్విభజనతో సూళ్లూరుపేట ప్రాంతం తిరుపతి జిల్లాలో చేరింది గాని, షార్ అంటే నెల్లూరు సీమ వారికి ఇప్పటికీ తమదే. అక్కడ ఎగిరే ప్రతి రాకెట్టు వెనుకా, విశాఖ నౌకాస్థావరంలో ఆగే కొన్ని ఓడలు, హెలికాప్టర్ల వెనుకా ఒక ప్రశ్న దాగి ఉంది. సరుకు అమ్మిన దేశానికి, అమ్మిన తరువాత కూడా ఆ సరుకు మీద అధికారం ఉంటుందా? ఉంటే ఎంతవరకు?

పల్లెవారికి ఇది అర్థం కాని వ్యవహారమేమీ కాదు. పాడి గేదెకు బ్యాంకు అప్పు ఇస్తుంది. కొన్నాళ్లకు ఆఫీసరు వచ్చి గేదె ఎక్కడని అడుగుతాడు. అప్పు సొమ్ము పెళ్లి ఖర్చుకు పోయి, పక్కింటి గేదెను కట్టేసి చూపించిన సందర్భాలు మన ఊళ్లలో లేకపోలేదు. గేదె చెవికి నెంబరు బిళ్ల వచ్చింది అందువల్లనే. యుద్ధ విమానాలు, క్షిపణులు, రాత్రిపూట చూసే దుర్భిణులు అమ్మే దేశాలు చేసేదీ దాదాపు ఇదే. కొన్నవాడు దానిని చెప్పిన పనికే వాడుతున్నాడా, మూడోవాడికి అమ్మాడా, విప్పి నకలు తీస్తున్నాడా అని చూస్తాయి. తేడా ఒక్కటే. గేదె విషయంలో డబ్బు బ్యాంకుది. ఇక్కడ డబ్బు పూర్తిగా కొన్నవాడిదే, అయినా బిళ్ల మాత్రం అమ్మినవాడిదే.

అమెరికాలో ఈ పని మూడు శాఖలు చూస్తాయి. ప్రభుత్వమే నేరుగా అమ్మిన ఆయుధాలను రక్షణ శాఖ చూస్తుంది. దాని పథకానికి గోల్డెన్ సెంట్రీ అని పేరు. కంపెనీలు అమ్మిన ఆయుధాలను విదేశాంగ శాఖ బ్లూ లాంటర్న్ అనే పథకం కింద చూస్తుంది. అటు ఆయుధం గాని, ఇటు పూర్తిగా పౌర వస్తువు గాని కాని సరుకు వాణిజ్య శాఖ వంతు. శ్రీహరికోటకు తలనొప్పి తెచ్చింది ఈ మూడో రకమే.

రెండు పనులకూ పనికొచ్చే రాకెట్టు

1971 అక్టోబరు 9న చిన్న రోహిణి రాకెట్టుతో ఇక్కడి కేంద్రం పని ప్రారంభించింది. 1980 జూలై 18న ఎస్.ఎల్.వి.-3 రాకెట్టు ఇక్కడినుంచే రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. దేశమంతా పండుగ చేసుకున్నది. ఆ పథకానికి సారథ్యం వహించిన అబ్దుల్ కలాం 1982లో హైదరాబాదులోని రక్షణ పరిశోధన ప్రయోగశాలకు వెళ్లారు. 1989 మే 22న ఒడిశా తీరంలోని చాందీపూర్ నుంచి ఎగిరిన అగ్ని క్షిపణి మొదటి దశ, ఈ ఎస్.ఎల్.వి.-3 మొదటి దశ నుంచి వచ్చిందే.

పడమటి దేశాల అనుమానానికి మూలం ఇక్కడ ఉంది. దానిని పూర్తిగా కాదనడం కష్టం. ఉపగ్రహాన్ని మోసే రాకెట్టు, బాంబును మోసే రాకెట్టు తోబుట్టువులవంటివి. ఒక దేశానికి దారి తెలిసిన తరువాత ఏ బండి కడుతుందో బయటివారికి తెలియదు. 1987లో ఏడు సంపన్న దేశాలు కలిసి క్షిపణి పరిజ్ఞానం బయటకు పోకుండా ఒక కట్టుబాటు పెట్టుకున్నాయి. ఇండియా అప్పుడు అందులో లేదు.

1991 జనవరిలో ఇస్రో సోవియట్ సంస్థ గ్లావ్‌కాస్మోస్‌తో ఒప్పందం చేసుకుంది. క్రయోజెనిక్ ఇంజన్లు కొనడమే గాక, వాటిని తయారు చేసే విద్యను కూడా నేర్పాలన్నది అందులోని ముఖ్యాంశం. విలువ సుమారు 235 కోట్ల రూపాయలు. 1992 మేలో అమెరికా ఇస్రో మీద, గ్లావ్‌కాస్మోస్ మీద రెండేళ్ల ఆంక్షలు విధించింది. క్షిపణికి వాడతారన్నది ఆరోపణ.

ఈ ఆరోపణలో పస ఎంత? క్రయోజెనిక్ ఇంజనులో ద్రవ హైడ్రోజన్‌ను సున్నాకు కింద 253 డిగ్రీల చలిలోనూ, ద్రవ ఆక్సిజన్‌ను 183 డిగ్రీల చలిలోనూ ఉంచాలి. అది నిలవ ఉండే ఇంధనం కాదు. ప్రయోగానికి కొద్ది గంటల ముందు నింపాలి. యుద్ధంలో శత్రువు మీదకు వస్తూ ఉంటే గంటల తరబడి ఇంధనం నింపుతూ కూర్చునే సేనాపతి ఎవరూ ఉండరు. అగ్ని మీద అనుమానానికి ఆధారం ఉంది గాని, ఈ ఇంజను మీద అనుమానానికి సాంకేతికంగా బలం తక్కువ. పైగా ఇదే రకం ఇంజన్లు అమ్ముతామని అంతకు ముందు అమెరికా కంపెనీ కూడా బేరానికి వచ్చింది. సోవియట్లు చవకగా ఇచ్చారు, విద్య కూడా నేర్పుతామన్నారు. కోపం ఎక్కడ పుట్టిందో పాఠకులు ఊహించుకోవచ్చు.

సోవియట్ యూనియన్ అప్పటికే విచ్ఛిన్నమైంది. డబ్బుకు ఇబ్బంది పడుతున్న రష్యా 1993లో వెనక్కు తగ్గింది. విద్య నేర్పదు, తయారైన ఇంజన్లు మాత్రం ఇస్తుంది. మొత్తం ఏడు వచ్చాయి. వాటిలో ఒకదానితో 2001 ఏప్రిల్ 18న మొదటి జి.ఎస్.ఎల్.వి. శ్రీహరికోట నుంచి లేచింది. సొంత ఇంజను పెట్టిన మొదటి ప్రయత్నం 2010 ఏప్రిల్ 15న విఫలమైంది. రాకెట్టు బంగాళాఖాతంలో కూలింది. 2014 జనవరి 5న రెండో ప్రయత్నం ఫలించింది. ఆంక్ష వల్ల దేశం సొంత విద్య నేర్చుకున్నదని సంతోషించేవారు ఉన్నారు. నిజమే, కాని 1991 నాటి ఒప్పందానికీ 2014 నాటి విజయానికీ మధ్య 23 సంవత్సరాలు గడిచాయన్నది కూడా లెక్కలో వేసుకోవాలి. ఆ కాలమంతా పెద్ద ఉపగ్రహాలను ఎక్కువగా ఫ్రెంచి గయానా తీసుకుపోయి, విదేశీ రాకెట్టుకు కిరాయి కట్టి ఎక్కించారు.

జాబితాలో షార్

1998 మేలో పోఖ్రాన్ అణు పరీక్షలు జరిగాయి. అదే ఏడాది నవంబరులో అమెరికా వాణిజ్య శాఖ ఒక జాబితా వేసింది. అందులో ఉన్న సంస్థకు అమెరికా కంపెనీ ఏ నియంత్రిత వస్తువు అమ్మాలన్నా ముందుగా లైసెన్సు తీసుకోవాలి. శ్రీహరికోట కేంద్రం ఆ జాబితాకు ఎక్కింది. రాకెట్టుకు ఘన ఇంధనం పోత పోసే ఇక్కడి కర్మాగారం విడిగా మరొక పేరుగా ఎక్కింది. అంటే ఒకే దీవికి రెండు పద్దులన్న మాట.

2004, 2005 సంవత్సరాల్లో చర్చలు సాగిన కొద్దీ ఇస్రో ప్రధాన కార్యాలయం, మరికొన్ని శాఖలు జాబితా నుంచి బయటపడ్డాయి. శ్రీహరికోట మాత్రం ఉండిపోయింది. రాకెట్టు లేచేది ఇక్కడినుంచే కనుక చివరిదాకా పట్టు వదలలేదు. 2010 నవంబరులో అధ్యక్షుడు ఒబామా ఢిల్లీ వచ్చి వెళ్లిన తరువాత, 2011 జనవరి 25న షార్, ఘన ఇంధన కర్మాగారం, తిరువనంతపురంలోని విక్రం సారాభాయ్ కేంద్రం, ద్రవ ఇంధన కేంద్రం జాబితా నుంచి తొలగాయి. హైదరాబాదులోని భారత్ డైనమిక్స్, రక్షణ పరిశోధన ప్రయోగశాల కూడా అదే రోజున బయటపడ్డాయి. సుమారు పన్నెండేళ్ల నిషేధం ఒక గెజిట్ ప్రకటనతో పోయింది. సూళ్లూరుపేట బజారులో ఆ రోజు దాని గురించి ఎవరూ టపాకాయలు కాల్చలేదు.

విశాఖకు వచ్చిన పాత ఓడ

శ్రీహరికోటది కొననివ్వని కథ అయితే, విశాఖపట్నానిది కొన్న తరువాతి కథ. అమెరికా నౌకాదళంలో 1971 నుంచి పని చేసిన ట్రెంటన్ అనే ఓడను ఇండియా కొన్నది. 2007 జూన్ 22న ఐ.ఎన్.ఎస్. జలాశ్వ అని పేరు పెట్టి, ఆ ఏడాదే విశాఖకు తెచ్చారు. ఓడ వెల సుమారు 4.8 కోట్ల డాలర్లు. దానితోపాటు 6 యు.హెచ్-3హెచ్ రకం హెలికాప్టర్లను ఇంకొక 3.9 కోట్ల డాలర్లకు కొన్నారు. అవి విశాఖలోని ఐ.ఎన్.ఎస్. డేగా వైమానిక స్థావరంలో ఉండేవి.

2008లో కాగ్ ఈ కొనుగోలును తప్పు పట్టింది. పాత ఓడ కొనడం ఒక్కటే అభ్యంతరం కాదు. ఒప్పందంలోని షరతులు ఇంకా గట్టిగా కనిపించాయి. ఓడను దాడి పనులకు వాడడం మీద పరిమితి ఉంది. అమ్మినవారు వచ్చి సరుకునంతా లెక్క చూసుకునే హక్కు ఉంది. డబ్బు చెల్లించి కొన్న యుద్ధనౌకను యుద్ధానికి వాడకూడదంటే ఎట్లా అని పార్లమెంటులో, పత్రికల్లో అడిగారు. అడగవలసిన ప్రశ్నే. నౌకాదళం మాత్రం ఆ ఓడను పదాతి దళాలను, సామగ్రిని మోయడానికి, తుఫాను సహాయానికి వాడుకుంటూ వచ్చింది. 2020లో కరోనా కాలంలో మాల్దీవులలో చిక్కుకున్న మనవారిని తెచ్చింది జలాశ్వ ఓడే.

హెలికాప్టర్లకు 2024 జూన్ 28న విశాఖలో వీడ్కోలు పలికారు. పదిహేడేళ్లు పని చేశాయి. ఇక్కడ కూడా ఒక మెలిక ఉంది. అమెరికా ప్రభుత్వం ద్వారా వచ్చిన సైనిక సామగ్రిని వేరొకరికి ఇవ్వాలన్నా, పాత ఇనుముకు తోయాలన్నా ఆ దేశం అనుమతి తీసుకోవాలన్నది దాని ఆయుధ ఎగుమతి చట్టం నియమం. గేదె చచ్చిపోయినా చెవి బిళ్ల తెచ్చి అప్పగించాలన్న బీమా కంపెనీ నిబంధన వంటిదే ఇది.

2009లో గొడవ

ఇట్లా ప్రతి కొనుగోలుకూ వేరువేరుగా షరతులు రాసుకునే బదులు ఒకే ఒడంబడిక ఉండాలన్న మాట వచ్చింది. 2009 జూలై 20న అమెరికా విదేశాంగ మంత్రి హిల్లరీ క్లింటన్ ఢిల్లీలో ఉండగా, తుది వినియోగ పర్యవేక్షణ మీద అంగీకారం కుదిరినట్టు మన విదేశాంగ మంత్రి ఎస్.ఎం. కృష్ణ ప్రకటించారు. మరునాడు పార్లమెంటు దద్దరిల్లింది. భారతీయ జనతా పార్టీ సభ్యులు బయటకు నడిచారు. వామపక్షాలూ అభ్యంతరం చెప్పాయి. అమెరికా వారు మన సైనిక స్థావరాల్లోకి జొరబడతారా అన్నది ఆందోళన.

తనిఖీ ఇరుపక్షాలకూ సమ్మతమైన సమయంలో, సమ్మతమైన చోట జరుగుతుందని, అమెరికా తనంతట తానుగా వచ్చి చూసే అవకాశం లేదని అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ లోక్‌సభలో వివరించారు. అంటే సరిహద్దులో నిలబడిన విమానం దగ్గరకు వారు రారు. మనమే దానిని వేరే చోటికి తెచ్చి చూపించవచ్చు. ఈ వివరణతో గొడవ చల్లారింది. చిన్న దేశాల మీద రుద్దినట్టు రుద్దలేకపోయారన్నది నిజం. తరువాత అధికారంలోకి వచ్చిన పార్టీ ఆనాడు సభ నుంచి బయటకు నడిచిందే అయినా, ఆ ఒడంబడికను రద్దు చేయలేదు. దాని కిందనే మరిన్ని విమానాలు, హెలికాప్టర్లు కొన్నది. ప్రతిపక్షంలో మాట వేరు, పాలనలో లెక్క వేరు.

తనిఖీ అంటే అవమానమేనా? ఇదే ఇండియా ఇంకొకరి విషయంలో తనిఖీ కావాలని గట్టిగా అడిగిన సంగతి మరువరాదు. 2019 ఫిబ్రవరి 27న కాశ్మీరు మీద వైమానిక పోరాటం జరిగింది. మరునాడు ఢిల్లీలో సైన్యాధికారులు ఒక క్షిపణి ముక్కను విలేకరుల ముందు పెట్టారు. అది అమెరికా తయారీ అమ్రామ్ క్షిపణి. పాకిస్తాన్ వద్ద దానిని మోసేది ఎఫ్-16 విమానం ఒక్కటే. ఎఫ్-16 వాడనే లేదని పాకిస్తాన్ అన్నది. ముక్క మీది నెంబరు వేరే కథ చెప్పింది. ఉగ్రవాదం మీద పోరుకని ఇచ్చిన విమానాన్ని ఇండియా మీద ఎట్లా వాడారని మన ప్రభుత్వం అమెరికాను నిలదీసింది.

పాకిస్తాన్‌లో ఎఫ్-16ల మీద అమెరికా కాపలా ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది. 2019 జూలైలో ఆ కాపలా కోసం 60 మంది కాంట్రాక్టు సిబ్బందికి, 12.5 కోట్ల డాలర్ల విలువగల పనికి అనుమతి వచ్చింది. అయినా ఆ ఏడాది ఆగస్టులో, విమానాలను అనుమతి లేని స్థావరాలకు మార్చారని మందలిస్తూ అమెరికా పాకిస్తాన్ వైమానిక దళానికి లేఖ రాసింది. ఇంతకూ ఆనాడు ఎఫ్-16 కూలిందా లేదా అన్న వివాదం నేటికీ తేలలేదు. అమెరికా వారు లెక్క పెట్టగా అన్నీ ఉన్నాయని ఒక అమెరికా పత్రిక రాసింది. అట్లాంటి లెక్కింపు సంగతి తమకు తెలియదని అమెరికా రక్షణ శాఖ అన్నది. కూలిందనే మన వైమానిక దళం అంటున్నది. రోజంతా కాపలా పెట్టుకున్నవారు కూడా ఒక్క విమానం లెక్క ప్రపంచానికి చెప్పలేదు. చెప్పలేక కాదు, చెప్పదలచుకోక. ఈ తనిఖీల వ్యవస్థలో అసలు లోపం ఇదే. అమ్మినవాడికి అవసరమైనప్పుడు నిజం బయటికి వస్తుంది, లేనప్పుడు ఫైలులో ఉంటుంది.

దీవిలో ఇంకొక దీవి

అదే 2009 జూలై 20న ఇంకొక ఒప్పందం మీద సంతకాలు జరిగాయి. గొడవలో దానిని ఎవరూ పట్టించుకోలేదు గాని, శ్రీహరికోటకు సంబంధించినంతవరకు ముఖ్యమైనది అదే. అమెరికా విడిభాగాలు ఉన్న ఉపగ్రహాన్ని భారత రాకెట్టు మీద ఎక్కించాలంటే, ఆ పరిజ్ఞానం మన చేతికి చిక్కకుండా రక్షణ కల్పించాలి. దీనిని సాంకేతిక రక్షణ ఒప్పందం అంటారు. ఉపగ్రహం ఉన్న గదిలోకి ఎవరు పోవచ్చు, ఎవరు పోరాదు అన్నది ఇట్లాంటి ఒప్పందాల్లో ముందే రాసుకుంటారు. ఉపగ్రహం కాపలా దాని వారిదే. పాసు లేనిదే స్థానికుడు దీవిలోకి పోలేడు. దీవిలో పని చేసే మన ఇంజనీరు కూడా పేరు లేనిదే ఆ గదిలోకి పోలేడు.

2015 సెప్టెంబరు 28న మొదటిసారిగా అమెరికా ఉపగ్రహాలు నాలుగు ఇక్కడినుంచి పోయాయి. 2017 ఫిబ్రవరి 15న ఒకే పి.ఎస్.ఎల్.వి. 104 ఉపగ్రహాలను మోసింది. వాటిలో 96 అమెరికావి. 2025 జూలై 30న నాసా, ఇస్రో కలిసి తయారు చేసిన నిసార్ ఉపగ్రహం, సుమారు 2,400 కిలోల బరువుది, జి.ఎస్.ఎల్.వి. మీద ఎగిరింది. 1992లో ఏ ఇంజను ఇండియా చేతికి రాకూడదని ఆంక్ష పెట్టారో, ఆ రకం ఇంజనే, మనవారు సొంతంగా చేసుకున్నది, నాసా రాడారును పైకి తీసుకుపోయింది.

మన జాలర్లకు దీనితో ఏమి పని అని అడగవచ్చు. రాకెట్టు ఎగిరే రోజున పడవలు సముద్రంలోకి పోరాదు. ఆ రోజు కూలి పోతుంది. ఇది పాత బాధ. రాకెట్టు శకలాలు వలలకు తగలడమూ ఈ తీరంలో అరుదేమీ కాదు. సాంకేతిక రక్షణ ఒప్పందాల్లో మామూలుగా ఉండే ఒక షరతు ప్రకారం, ప్రయోగం విఫలమై ఉపగ్రహం ముక్కలు దొరికితే వాటిని పరీక్షించకుండా, ఫోటోలు తీయకుండా యజమాని దేశానికి అప్పగించాలి. వలలో ఇనుప ముక్క పడితే దానిని పాత సామాన్ల కొట్టుకు వేయకుండా పోలీసులకు చెప్పడం మేలు. ఏది మన రాకెట్టు తొడుగో, ఏది పరదేశపు ఉపగ్రహమో ఒడ్డున నిలబడి తేల్చడం కష్టం.

మనమూ అమ్ముతున్నాం

2006 ప్రాంతంలో ఇండియా తన వద్ద ఉన్న బ్రిటిష్ తయారీ ఐలాండర్ విమానాలను మయన్మార్ నౌకాదళానికి ఇచ్చింది. సముద్రం మీద గస్తీ తిరిగే చిన్న విమానాలు. మయన్మార్‌లో అప్పుడు సైనిక పాలన, ఐరోపా నిషేధం. బ్రిటన్ అభ్యంతరం చెప్పింది. విడిభాగాలు సరఫరా చేయలేమన్నది. ఆయుధాలు లేని విమానాలని మన వాదన. మనం అమ్మినవాడి షరతును మీరినట్టు కనిపించిన అరుదైన సందర్భం ఇది.

ఇప్పుడు పరిస్థితి మారింది. 2016 జూన్‌లో ఇండియా క్షిపణి కట్టుబాటులో సభ్యురాలైంది. ఒకప్పుడు తనను బయట పెట్టిన తలుపు దగ్గర తానే కాపలా కాస్తున్నది. 2022 జనవరిలో ఫిలిప్పీన్స్ సుమారు 37.5 కోట్ల డాలర్లకు బ్రహ్మోస్ క్షిపణులు కొన్నది. 2024 ఏప్రిల్‌లో మొదటి విడత చేరింది. రష్యాతో కలిసి తయారు చేసిన క్షిపణిని, అమెరికా నుంచి కొన్న సి-17 విమానంలో వేసి ఫిలిప్పీన్స్‌కు చేర్చారు. సరుకు ఒకటి, పెట్టిన షరతులు ఎన్నో.

హైదరాబాదు పక్కన ఆదిభట్లలో అపాచీ హెలికాప్టర్ల మొండెం, సి-130జె విమానాల తోక భాగాలు తయారై అమెరికాకు పోతున్నాయి. ఇట్లాంటి సరుకు పంపడానికి మన ప్రభుత్వపు లైసెన్సు కావాలి. కొనేవాడి నుంచి తుది వినియోగ పత్రం రాయించుకోవాలి. కాగితం రాయించుకోవడం వరకు మన వ్యవస్థ బాగానే ఉంది. ఆ కాగితంలోని మాట నిలబెట్టుకున్నారా అని పరదేశం పోయి చూసే యంత్రాంగం అమెరికాకు ఉన్నంతగా మనకు లేదు. ఇజ్రాయెల్‌కు ఆయుధాల ఎగుమతి లైసెన్సులు ఆపాలని కొందరు సుప్రీంకోర్టుకు వెళ్లగా, అది ప్రభుత్వ విదేశాంగ విధానానికి చెందిన విషయమని 2024 సెప్టెంబరు 9న కోర్టు పిటిషన్ కొట్టివేసింది. కోర్టు చూడకపోతే ఇక చూడవలసింది పార్లమెంటు. అక్కడ ఈ సంగతి మీద 2009 నాటి గొడవంతటి గొడవ మళ్లీ జరగలేదు.

పులికాట్‌కు నైరుతిగా అరక్కోణంలో ఐ.ఎన్.ఎస్. రాజాలి నౌకాదళ విమానాశ్రయం ఉంది. సముద్రం మీద నిఘా వేసే పి-8ఐ విమానాలు 2013 నుంచి అక్కడ ఉన్నాయి. 2020 నవంబరు నుంచి మనిషి లేకుండా ఎగిరే రెండు అమెరికా విమానాలను అక్కడ అద్దెకు తెచ్చి వాడుతున్నారు. వాటిలో ఒకటి 2024 సెప్టెంబరు 18న చెన్నై తీరంలో సముద్రంలో పడిపోయింది. కంపెనీ దానికి బదులు మరొకటి ఇచ్చింది. మరునెలలో ఇండియా అదే రకం విమానాలు 31 కొనడానికి సంతకం చేసింది. వాటిలో 15 నౌకాదళానికి. 2029 నుంచి అవి రావలసి ఉంది. ఒక్కొక్కదాని నెంబరు రెండు చోట్ల రాసి ఉంటుంది, ఒకటి మన రిజిస్టరులో, ఒకటి వారి రిజిస్టరులో.